సొంతంగా చేసుకున్న ట్రైలర్: 750 కిలోల లెక్కలో ఏమేం కలుస్తాయి?

చానల్ రాడ్డు అడిగారు:

నమస్తే అండి. పాత కారు వెనక యాక్సిల్ ఒకటి ఊరికే పడి ఉంటే, దానికి చానల్ వెల్డింగ్ చేసి ఎనిమిదడుగుల ట్రైలర్ తయారు చేశాను. పికప్ వెనక తగిలించుకుని జనరేటర్, చిన్న కాంక్రీటు మిక్సర్ తీసుకెళ్లాలని నా ప్లాను. జనరేటర్ 270 కిలోలు, మిక్సర్ 210. మొత్తం 480. 750 లోపైతే ట్రైలర్‌కి బ్రేకు అక్కర్లేదని చదివాను కాబట్టి ఇంకా 270 కిలోలు మిగులు ఉందనుకుంటున్నా. మా బావమరిది మాత్రం "నంబరు లేకుండా రోడ్డెక్కావో, ట్రైలర్ స్టేషన్‌లో, నువ్వు దాని పక్కన" అని ఒకటే టెన్షన్ పెడుతున్నాడు.

సరుకు వేసి ఖాళీ మైదానంలో లాగి చూశాను. కాస్త వేగం అందుకోగానే వెనకంతా కుక్క తోకలా ఊగుతోంది. బ్రేకు తొక్కితే ఇండికేటర్ కూడా మసగ్గా వెలుగుతోంది. రోడ్డు మీదికి తేవాలంటే ఏమేం సరిచేసుకోవాలి?

పాత గ్రీజు:

ముందు ఆ 270 కిలోల మిగులు సంగతి మరిచిపో తమ్ముడూ. 750 అంటే సరుకు బరువు కాదు, ట్రైలర్ సొంత బరువూ సరుకూ కలిపి. అందరూ కాలు జారేది ఇక్కడే. 1968 నాటి వియన్నా రోడ్డు ట్రాఫిక్ ఒప్పందం "తేలిక ట్రైలర్" అన్నది ఈ మొత్తం బరువునే. యూరప్‌లో అన్నిటికన్నా తేలిక ట్రైలర్ల తరగతి, ఓ1 అంటారు, దానికీ ఇదే 750. ఇంకో మెలిక ఉంది. ఇవాళ నువ్వు ఎంత వేశావన్నది కాదు, ఆ ట్రైలర్ గరిష్ఠంగా ఎంత మోయొచ్చని కాగితంలో రాశారో అదే లెక్క. పైగా చాలాచోట్ల బ్రేకు లేని ట్రైలర్ లాగే బండి ఖాళీ బరువులో సగానికి మించకూడదు. బండి చిన్నదైతే 750 కూడా నీకు దక్కదు.

కాబట్టి ఖాళీ ట్రైలర్‌ని కాటా మీదికి ఎక్కించి చీటీ తీసుకో. రిజిస్ట్రేషన్ దగ్గర ఆ చీటీ ఎలాగూ పనికొస్తుంది. ఇండియాలో 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్‌కీ రిజిస్ట్రేషన్ ఉంది, మీ బావమరిది మాట కొట్టిపారేయకు. అమెరికాలో రాష్ట్రానికో పద్ధతి. సొంతంగా చేసినదానికి చాలాచోట్ల అడిగేవి దాదాపు ఇవే: కొలతలతో బొమ్మ, యాక్సిల్ ఎక్కడిదో చూపే బిల్లు, చట్రం మీద గుద్దిన నంబరు. రంగు మాత్రం ఇప్పుడే వేయకు, వెల్డింగులు చూస్తామంటే మళ్లీ గీకాలి.

టైరు పక్క గోడ మీద సైజు తర్వాత ఉండే బరువు అంకె కూడా చూసుకో. 82 అని ఉంటే ఆ టైరు మోసేది 475 కిలోలు, 75 అయితే 387. రెండు టైర్లవీ కలిపి మొత్తం బరువు దాటాలి.

ఇక గొలుసు. ఇది నా ఒంటి మీదికి తెచ్చుకున్న పాఠం. మొదటి ట్రైలర్ చేసినప్పుడు హుక్కు పిన్నుకి స్ప్రింగ్ క్లిప్పు లేక, మేకు వంచి దోపాను. గొలుసైతే పెట్టాను గానీ ఒక్కటే, అదీ మోకాలి దాకా వేలాడేంత పొడుగు. ఒక మలుపులో మేకు ఎగిరిపోయింది, గుంతలో పడగానే పిన్ను పైకి లేచింది. డ్రాబార్, అంటే ట్రైలర్‌ని బండికి కలిపే ముందు కడ్డీ, దాని ముక్కు తారులో గుచ్చుకుని ట్రైలర్ మొత్తం నిటారుగా లేచి, పక్కకి ఒరిగింది. వెనక ఎవరూ లేరు, అంతే నా అదృష్టం. గొలుసు తెగలేదు, కానీ ఏం లాభం? బ్రేకు లేని ట్రైలర్‌కి రెండో కట్టు ఉండాలనీ, హుక్కు ఊడినా డ్రాబార్ నేలకు తగలకూడదనీ ఆ వియన్నా ఒప్పందంలోనే ఉంది. అందుకే ఇప్పుడు రెండు గొలుసులు, డ్రాబార్ కింద ఇంటూ గుర్తులా ఒకదాన్నొకటి దాటించి కడతాను. ఊడితే ఉయ్యాల్లో పడ్డట్టు వాటి మీదే ఆగుతుంది. మలుపు తిరగడానికి సరిపడా వదులు చాలు, అంతకుమించి ఒక్క కడియం కూడా వద్దు.

ఊగడం గురించి: బరువైనది వెనక పెట్టావు, అవునా? ఎక్కించడం సులువని అందరం చేసే పనే. మొత్తం బరువులో పదో వంతుకు కాస్త అటూ ఇటూగా హుక్కు మీద పడాలి. ఒళ్లు తూచుకునే మిషను మీద చెక్క ముక్క నిలబెట్టి దాని మీద డ్రాబార్ ముక్కు పెట్టు, తెలిసిపోతుంది. ట్రైలర్ మట్టంగా ఉండాలి సుమా.

నాగలి కర్రు:

కారు, పికప్ సంగతి పెద్దాయన చెప్పారు. ట్రాక్టర్ వెనక యంత్రాలు లాగేవాళ్లకి నాదో మాట. చేలో ఒక్క చక్రాన్నే పట్టి తిప్పడానికి బ్రేకు పెడళ్లు రెండూ విడదీస్తాం కదా, రోడ్డెక్కే ముందు వాటిని కలిపే లాక్ వేయాలి. వేయకుండా వేగంలో ఒక్క పెడల్ తొక్కితే ట్రాక్టర్ ఆ పక్కకి గిర్రున తిరుగుతుంది. లిఫ్ట్ మీద రోటావేటర్ ఎత్తితే ముందు చక్రాలు తేలికైపోయి స్టీరింగ్ మాట వినదు, ముందు బరువులు తగిలించుకోండి. ఇంజిన్ శక్తిని పనిముట్టుకి అందించే పీటీఓ ఆపాలి, దాని షాఫ్ట్ విప్పాలి. ఎత్తిన పనిముట్టు లివర్ తగిలి కిందికి దిగకుండా లాక్ కూడా.

నెమ్మదిగా వెళ్లే వాహనానికి వెనక పెట్టే నారింజ రంగు త్రికోణం చూసే ఉంటారు, చుట్టూ ఎర్రటి అంచుతో. 1960ల మొదట్లో అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో తయారైంది అది. గంటకి 40 కిలోమీటర్లు దాటని వాటికే. కారు వెనక ట్రైలర్‌కి అది తగిలించకండి, వెనకవాడు అయోమయంలో పడతాడు. ట్రైలర్‌కి రెండు ఎర్ర రిఫ్లెక్టర్ త్రికోణాలు, మొన పైకి ఉండేలా.

వైరు ముక్క:

ఇండికేటర్ మసగ్గా వెలగడం నూటికి తొంభై పాళ్లు ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి, దాని గొడవే. ఎర్త్‌ని హుక్కు ద్వారా వదిలేశారా? గ్రీజూ తుప్పూ మధ్యలో కరెంటు దారి దొరక్క పక్క బల్బులోంచి వెళ్తుంది. ప్లగ్గు నుంచి విడిగా ఎర్త్ వైరు లాగి, రంగు గీకి చట్రానికి బోల్టు వేయండి.

చానల్ రాడ్డు:

కాటా వేయించాను. ఖాళీ ట్రైలరే 318 కిలోలు! అంటే రెండూ వేస్తే 798. తల తిరిగింది. హుక్కు మీద పడుతున్నది 22 కిలోలే, ఊగదా మరి. గరిష్ఠ బరువు చూపే ప్లేటు మీద 750 అనే రాయించుకుంటాను. ఇకనుంచి జనరేటర్ పికప్‌లోనే, ట్రైలర్ మీద మిక్సర్ ఒక్కటే. దాన్ని ముందుకి జరిపితే ముక్కు బరువు 50కి వచ్చింది, ఊగడం ఆగింది. ఎర్త్ వైరు కూడా వేశాను, ఇండికేటర్ ఇప్పుడు తన పనే చేస్తోంది.

పెద్దాయనా, మీరు మేకు సంగతి చెప్పాక వెళ్లి నా పిన్ను చూసుకున్నాను. బైండింగ్ వైరు చుట్టి ఉంది. తీసేశాను.

పాత గ్రీజు:

క్లిప్పులు రెండు కొను. ఒకటి ఎలాగూ పోతుంది.