టీకా వేయించినా గేదెలకు గాలికుంటు, స్ట్రెయిన్ మారిందా అని తేల్చుకునేదెలా?

మాది ఒంగోలు దగ్గర చిన్న డెయిరీ. ఆరు నెలలకోసారి గాలికుంటు టీకా వేయిస్తూనే ఉన్నాం. అయినా ఈసారి కొన్ని గేదెలకు నోట్లో బొబ్బలు, గిట్టల మధ్య పుండ్లు. పాలు సగానికి పడిపోయాయి. డాక్టరుగారు వైరస్ ‘ఓ’ రకం కావచ్చన్నారు.

మన టీకాలో ఓ, ఏ, ఏషియా-1 మూడు వైరస్ రకాలూ ఉంటాయి. అందులో ‘ఓ’ స్ట్రెయిన్ (ఆ రకంలో టీకాకు వాడే ఉపరకం) ఆర్2/75, అంటే 1975 నాటిది. ఇప్పుడు తిరుగుతున్నవేమో ‘ఓ’ రకంలోనే ఇండ్2001 అనే వంశపు శాఖలు. పాతదైతే పనికిరాదని నేననను. వైరస్ పైపొర ప్రోటీన్‌కు సంబంధించిన వీపీ1 జన్యువు మారినంత మాత్రాన టీకా ఓడినట్టు కాదు కదా. టీకాతో పుట్టిన యాంటీబాడీలు కొత్త వైరస్‌ను ఎంత అడ్డుకుంటాయో చూసి, టీకా స్ట్రెయిన్‌తో పోల్చి చెప్పే ఆర్1 విలువ 0.3 కన్నా తక్కువొస్తేనే అనుమానించాలి. నాకైతే కోల్డ్ చైన్ (టీకాను దారంతా చల్లగా ఉంచడం) మీదే ఎక్కువ అనుమానం.

తెలిసినవాళ్లు చెప్పండి: నాలుక పొర శాంపిల్‌ను భువనేశ్వర్‌లోని జాతీయ గాలికుంటు సంస్థకు రైతు నేరుగా పంపొచ్చా, పశుసంవర్ధక శాఖ ద్వారానే వెళ్లాలా? శాంపిల్ పాడవకుండా ఉంచే గ్లిజరాల్ బఫర్ ద్రావణం ఎవరిస్తారు? రకం చెప్పి ఆపేస్తారా, ఆర్1 కూడా ఇస్తారా? పసుపు, వేపాకు చిట్కాలు వద్దండీ, అవి ఇంట్లో పెద్దవాళ్లు చెబుతూనే ఉన్నారు. ఇంకోటి, పుండ్లు మానాక తీసిన శాంపిల్ ఏమైనా పనికొస్తుందా?