‘ఏలుడి’ అంటే ఏమిటి? రొయ్యల చెరువుల గురించే అడుగుతున్నా

గోదావరి గట్టు:
అందరికీ వందనాలు. మొన్న మా సంఘంలో కోతపండుగ ఆరాధనలో ఆదికాండము 1:28 మీద వాక్యం చెప్పారు. భూమిని ‘లోపరచుకొనుడి’, జీవులను ‘ఏలుడి’ అని దేవుడే ఆజ్ఞ ఇచ్చాడు కాబట్టి వరిచేను తీసేసి రొయ్యల చెరువు తవ్వుకోవడం విశ్వాసికి దీవెనే అన్నారు. నా మనసు ఒప్పుకోలేదు. మాది అరెకరం వరి. పక్కన చెరువు తవ్వినప్పటి నుంచి గట్టు వెంబడి ఉప్పు ఊట వచ్చి చేను ఎండిపోతోంది. చేతిపంపు నీళ్లు నోట్లో పెట్టలేం, టిన్ను నీళ్లు కొనుక్కుంటున్నాం. క్రీస్తే రాజు అని ఒప్పుకున్న మనకు భూమి మీద అసలు ఎంత అధికారం ఉంది?

చెరువు రైతు:
బ్రదర్, మీ బాధ కాదనను. నేనూ కౌలుకు తీసుకుని రెండెకరాల చెరువు చేస్తున్నా. మా తాతకు సెంటు భూమి లేదు, మా నాన్న కూలికి పోయాడు. ఈరోజు నా పిల్లలు కాలేజీలో ఉన్నారంటే రొయ్య వల్లే. దేవుడు తెలివి ఇచ్చింది వాడుకోమనే కదా. కాటన్ దొర భక్తిగల క్రైస్తవుడు. ఆయన 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టకపోతే ఈ డెల్టాలో ఇంత వరి ఎక్కడిది? గోదావరిని లోపరచుకోవడం కాదా అది? పైగా 2 పేతురు 3:10 ప్రకారం ఈ భూమి కాలిపోయేదే. సంఘం చూడాల్సింది ఆత్మల రక్షణ.

బెరయ సోదరి:
అన్నా, కాటన్ మాట మీరే తెచ్చారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. 1832-33 డొక్కల కరువు తర్వాత ఈ ప్రాంతం జనం లేక పాడుబడింది. ఆయన నదిని మళ్లించింది పక్కవాడి చేనుకు నీళ్లు ఇవ్వడానికి. ఉప్పునీరు పక్కవాడి చేనును చంపుతోంది. రెండూ ‘లోపరచుకోవడమే’ అంటే నేను ఒప్పుకోను.

‘ఏలుడి’ అన్న చోట హీబ్రూలో ఉన్న క్రియ యెహెజ్కేలు 34:4లోనూ ఉంది. అక్కడ మందను బలాత్కారంతో ఏలిన కాపరుల మీద దేవుడు కోపపడుతున్నాడు. ఇంకాస్త కిందికి, 18వ వచనానికి రండి. తేట నీళ్లు తాగి మిగిలినవి కాళ్లతో కలచడం మీకు చాలదా అని అడుగుతాడు. మా ఊరి కాలువ చూసినప్పుడల్లా నాకు ఆ వచనమే గుర్తొస్తుంది, ఏడుపొస్తుంది.

ఆదికాండము 2:15లో తోటను ‘కాచుటకు’ అన్న మాట కూడా చూడండి. ప్రతి ఆదివారం చివర్లో పాస్టరుగారు ‘యెహోవా నిన్ను కాపాడును గాక’ అని దీవిస్తారే, సంఖ్యాకాండము 6:24, మూలంలో అదే క్రియ. దేవుడు మనల్ని కాచినట్టు మనం నేలను కాయాలి.

హెబ్రీ 2:8-9 ఇంకా సూటిగా చెబుతుంది. అన్నీ మనిషికి లోబడినట్టు ఇంకా చూడడం లేదు గాని యేసును చూస్తున్నాం అంటాడు రచయిత. ఏలుబడి ఎలా ఉంటుందో చూపించినవాడు శిష్యుల కాళ్లు కడిగాడు. మనం యజమానులం కాదు, ఆయన కింద గృహనిర్వాహకులం.

కాలిపోవడం సంగతికొస్తే, పాత గ్రీకు ప్రతుల్లో కొన్నిటిలో ఆ చోట ‘కనబడును’ అని ఉంది, అంటే భూమి మీది కృత్యాలు బయటపడతాయి అని. కాలిపోతుందనే చదివినా రోమా 8:21 ప్రకారం సృష్టికి విడుదల ఉంది. విడుదల పొందబోయేదాన్ని ఈలోపు పాడుచేయమని ఎక్కడుంది?

చెరువు రైతు:
సిస్టర్, యెహెజ్కేలు మాట గుచ్చుకుంది. 2 పేతురు విషయంలో మాత్రం నేను మన తెలుగు బైబిల్లో ఉన్నట్టే నమ్ముతాను. ఒకటి అడుగుతా. తీరంలో రొయ్యల చెరువులకు వ్యతిరేకంగా 1996లోనే సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అయినా వందల ఎకరాలవాళ్లు చేస్తూనే ఉన్నారు. వాళ్లను వదిలి నాలాంటి కౌలుదారుణ్ణి పాపి అంటే ఎలా? రేపు మానేస్తే అప్పు ఎవరు కడతారు?

గోదావరి గట్టు:
అన్నా, పాపి అని నేను అనలేదు, మానేయమనీ అనలేదు. పెద్ద చెరువులవాళ్లను కూడా సంఘంలో నిలబెట్టి అడగాలి, ముందు వరుసలో కూర్చునేది వాళ్లే. మీరు చేయగలిగింది ఒకటి ఉంది. మీ గట్టుకీ పక్క చేనుకీ మధ్య ఊటనీరు పోయే కాలువ ఒకటి తవ్వించండి, రొయ్యలు పట్టడం అయ్యాక చెరువు నీళ్లు పంట కాలువలోకి వదలకండి. మా పక్క చెరువాయన ఆ మాత్రం చేసి ఉంటే ఈ ఏడు మాకు తిండి గింజలైనా మిగిలేవి.

చెరువు రైతు:
మా పక్క చేను ఒక విధవరాలిది. ఇంతవరకు ఆమెను ఒక్క మాట అడగలేదు. రేపు వెళ్లి గట్టు చూసొస్తా.