నాన్న పాత మెయిల్ ఐడీ ఉంచాలా, తీసేయాలా?

మాస్టారి కూతురు, నంద్యాల

మా నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. 2009లో నేనే ఆయనకు జీమెయిల్ ఐడీ చేసిచ్చాను. పెన్షన్, ఎల్‌ఐసీ, బ్యాంకు, గ్యాస్, మందుల షాపు, పాత విద్యార్థులు, అన్నిటికీ అదొక్కటే.

పోయిన గురువారం ఆ ఐడీకి ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ల పేరుతో మెయిల్ వచ్చింది. రూ. 14,380 రీఫండ్ మంజూరైంది, లింకులో వివరాలు నింపండి అని. జులైలో రిటర్న్ వేసి నిజంగానే రీఫండ్ కోసం ఎదురుచూస్తున్నారు, అందుకే అనుమానం రాలేదు. ఏటీఎం కార్డు నంబరు, వెనకున్న మూడంకెలు కూడా ఇచ్చేశారు. తర్వాత ఓటీపీ వచ్చింది. నాన్నకు ఏ కాగితమైనా చివరిదాకా చదివే అలవాటు. ఆ మెసేజ్‌లో ‘రూ. 48,900 కొనుగోలుకు’ అని ఉంది. “మనకు రావాల్సిన డబ్బయితే కొనుగోలు అంటాడేంటమ్మా?” అని నాకు ఫోన్ చేశారు. అప్పటికప్పుడు కార్డు బ్లాక్ చేయించాను. డబ్బు పోలేదు.

కానీ మర్నాడు పొద్దున్నుంచి ఇన్‌బాక్స్ నిండిపోతోంది. రెండు రోజుల్లో 600 పైనే వచ్చాయి. ఏవేవో భాషల్లో, ‘మీరు చేరినందుకు ధన్యవాదాలు’ అంటూ. ఆయన కూర్చుని ఒక్కొక్కటీ డిలీట్ చేస్తున్నారు. సరిగ్గా నిద్రపోవడం లేదు. “ఇన్నేళ్లు పిల్లలకు చెప్పినవాణ్ని, నేనే చూసుకోలేకపోయాను” అంటుంటే నాకు కడుపులో దేవినట్టుంది. ఈ ఐడీ తీసేసి కొత్తది చేద్దామని తమ్ముడు అంటున్నాడు. అంతేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

నెట్ సెంటర్, భీమవరం

అమ్మా, తొందరపడి తీసేయకండి. ఆ ఐడీతో తెరిచిన అకౌంట్లలో దేనికి పాస్‌వర్డ్ మర్చిపోయినా లింకు వచ్చేది అక్కడికే. అది లేకపోతే మీ అకౌంట్లోకి మీరే వెళ్లలేరు.

ఆ 600 మెయిళ్లు ఊరికే వచ్చినవి కావు. దొంగలు ఒక ఐడీని వందల సైట్లలో ఒకేసారి చేర్చేస్తారు. ‘మీ పాస్‌వర్డ్ మారింది’, ‘మీ ఆర్డర్ బయల్దేరింది’ లాంటి అసలు మెయిల్ ఒకటి ఆ గుట్టలో కలిసిపోయి మీ కంట పడకూడదని. నాన్నగారిని డిలీట్ చేయడం వెంటనే ఆపమనండి. సెర్చ్‌లో బ్యాంకు పేరు, ఓటీపీ, పాస్‌వర్డ్, ఆర్డర్, ఇలా ఒక్కొక్క మాటా ఇంగ్లిష్‌లో కొట్టి వెతకండి. స్పామ్‌లోనూ ట్రాష్‌లోనూ కూడా. ట్రాష్‌లో పడ్డవి 30 రోజులు ఉంటాయి, కాబట్టి ఇంకా దొరుకుతాయి.

తర్వాత ఫోన్ పక్కన పెట్టి కంప్యూటర్‌లో జీమెయిల్ తెరవండి. సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు అని రెండు చోట్ల చూడాలి. మా షాపుకు వచ్చే రొయ్యల వ్యాపారి ఒకాయన పాస్‌వర్డ్ మూడుసార్లు మార్చినా ఆయన బిల్లుల సంగతి బయటివాళ్లకు తెలిసిపోయేది. చూస్తే ప్రతి మెయిలూ ఇంకెవరి ఐడీకో కాపీ వెళ్లేలా పెట్టి ఉంది. ఆయన మొహం చూసి నాకే బాధేసింది. అది లేదని తేల్చుకున్నాకే పాస్‌వర్డ్ మార్చండి, పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లో కూడా ఖాయం చేయమని అడిగే టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి, రికవరీ నంబరు ఇప్పుడు వాడుతున్నదేనా చూడండి.

ఇంకోటి. ఆ కొత్త మెయిళ్లలో అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కొద్దు. మీరు ఎప్పుడో కొన్న షాపు నుంచి వచ్చేవాటిలో అయితే నొక్కొచ్చు. తెలియనివాళ్ల మెయిల్లో నొక్కితే ఈ ఐడీని మనిషి చూస్తున్నాడని వాళ్లకు చెప్పినట్టే. స్పామ్ అని మార్క్ చేసి వదిలేయండి.

రిటైర్డ్ క్యాషియర్, హన్మకొండ

మాస్టారికి నా నమస్కారాలు చెప్పండమ్మా. ఓటీపీ మెసేజ్ పూర్తిగా చదివారు, అదే కాపాడింది. కౌంటర్లో 31 ఏళ్లు కూర్చున్నాను, అంకె చూసి మిగతాది చదవనివాళ్లే ఎక్కువ.

రీఫండ్‌కి కార్డుతో పనే లేదు. ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో ముందుగా వ్యాలిడేట్ చేసిన ఖాతాలోనే పడుతుంది. రిటర్న్ పరిశీలించాక వచ్చే 143(1) ఇంటిమేషన్ పీడీఎఫ్‌కి తాళం ఉంటుంది. పాన్ నంబరు చిన్న అక్షరాల్లో, దాని వెంటే పుట్టిన తేదీ కొడితేనే తెరుచుకుంటుంది. మెయిల్లో ఏ లింకూ నొక్కకుండా, పోర్టల్ చిరునామా మీరే టైప్ చేసి లాగిన్ అయితే రీఫండ్ ఎక్కడుందో కనిపిస్తుంది.

బ్యాంకుల విషయంలో ఈమధ్య ఒక మంచి మార్పు వచ్చింది. మన బ్యాంకుల వెబ్‌సైట్లన్నీ 2025 అక్టోబర్ 31 లోపు ‘.బ్యాంక్.ఇన్’తో ముగిసే పేరుకు మారాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఆ పేర్లు ఇచ్చేది హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో ఉన్న ఐడీఆర్‌బీటీ అనే రిజర్వ్ బ్యాంకు వారి సంస్థ ఒక్కటే. ఎవరు పడితే వాళ్లు కొనుక్కునేది కాదు. పేరు చివర చూడటం మాస్టారికి ఒక్కసారి చూపిస్తే చాలు.

డబ్బు పోలేదు కదా అని ఊరుకోకండి. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. డబ్బు పోయి ఉంటే మాత్రం ఆ నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

డల్లాస్ నుంచి

పాతది తీసేయొద్దన్న మాట నిజమే, కానీ కొత్తది తప్పకుండా చేయండి. బ్యాంకు, పెన్షన్, ఎల్‌ఐసీ, ట్యాక్స్, ఈ నాలుగూ కొత్తదానికి మార్చండి. ఆ ఐడీ షాపుల్లో, ఫారాల్లో, ఫంక్షన్ కార్డుల మీద ఎక్కడా రాయొద్దు. అప్పుడు పాత ఐడీకి ట్యాక్స్ మెయిల్ వస్తే చదవకుండానే తెలిసిపోతుంది అది దొంగదని. మా అత్తయ్యగారికి నాలుగేళ్ల క్రితం ఇలాగే చేశాను.

జీమెయిల్‌లో ప్లస్ గుర్తు కూడా పనికొస్తుంది. ఐడీ ‘మాస్టారు’ అయితే గ్యాస్ వాళ్లకు ‘మాస్టారు+గ్యాస్’ అని ఇవ్వండి, మెయిల్ ఆయనకే వస్తుంది. రేపు ఆ పేరు మీద లాటరీ మెయిల్ వస్తే ఐడీ ఎక్కణ్నుంచి బయటికి పోయిందో తెలుస్తుంది. కొన్ని సైట్లు ప్లస్ ఒప్పుకోవు. తెలివైన దొంగ ఆ ముక్క కోసేస్తాడు కూడా. అందుకే అసలు బలం రెండు ఐడీలదే.

మాస్టారి కూతురు, నంద్యాల

అందరికీ చాలా థ్యాంక్స్. భీమవరం అన్నయ్యా, మీరు చెప్పినట్టే వెతికితే ట్రాష్‌లో దొరికింది. ఒక షాపింగ్ అకౌంట్ పాస్‌వర్డ్ మారినట్టు శుక్రవారం తెల్లవారుజామున 3:40కి మెయిల్. నాన్న మిగతావాటితో పాటు దాన్నీ డిలీట్ చేశారు. ఆ అకౌంట్లో మాకు తెలియని అడ్రస్ ఒకటి చేర్చి ఉంది. అకౌంట్ తిరిగి మా చేతికి వచ్చింది, అడ్రస్ తీసేశాం. ఫార్వర్డింగ్ ఏమీ లేదు. కొత్త ఐడీ చేసి బ్యాంకు, ట్యాక్స్ మార్చాం, మిగతా రెండూ ఈ వారంలో అవుతాయి. ఫిర్యాదు కూడా పెట్టాం.

క్యాషియర్ గారి నమస్కారం చదివి వినిపించాను. నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లేచి కంప్యూటర్ ముందు కూర్చున్నారు. వాళ్ల రిటైర్డ్ టీచర్లు దేవుడి బొమ్మలు, పెన్షన్ జీవోలు పంపుకునే మెయిళ్లలో 64 మంది ఐడీలూ పైన ‘టూ’లో అందరికీ కనిపించేలా ఉంటాయట. ఎవరో ఒకరి మెయిల్ దొంగల చేతికి చిక్కితే మొత్తం 64 ఐడీలూ వాళ్లకు దొరికినట్టే. నిన్న రాత్రి నాన్న జరిగిందంతా, కార్డు నంబరు ఇచ్చిన సంగతితో సహా, తెలుగులో రాసి వాళ్లందరికీ పంపారు. మొదటిసారి అందరి పేర్లూ, ఒకరి ఐడీ ఇంకొకరికి కనిపించకుండా, బీసీసీలో పెట్టారు.