కమాను, కట్ట, పట్టీ: షాపులో పరువు పోయిన కథ

గ్రూపులో అందరికీ నమస్కారం. ఒక మాట తెలియక మొన్న డబ్బులు తగలేసుకున్నాను. ఆ మాట గురించే ఈ పోస్టు.

మా ఇంట్లో 1990ల నాటి మారుతి జిప్సీ ఉంది. ఇప్పటి కార్లకు ఉండే చుట్టల స్ప్రింగులు కావు దానికి, నాలుగు చక్రాల దగ్గరా కమాన్లే, అంటే వంపు తిరిగిన ఇనప బద్దల లీఫ్ స్ప్రింగులే. కొన్నాళ్లుగా వెనక భాగం కూర్చుండిపోయింది. చదునైన నేల మీద నిలబెట్టి, చక్రం నడిమి నుంచి పైన రేకు అంచు దాకా టేపు పెట్టి కొలిస్తే, ఎడమ కంటే కుడివైపు రెండు వేళ్లు తక్కువ. ఇంట్లోనే మార్చుకుందామని షాపుకి ఫోన్ చేసి, "జిప్సీకి వెనక కమాన్ పట్టీలు, కుడికొకటి ఎడమకొకటి తీసిపెట్టండి" అన్నాను. డబ్బులు కూడా ఫోన్లోనే కొట్టేశాను. వెళ్లి చూస్తే కాగితంలో చుట్టిన రెండంటే రెండు ఇనప బద్దలు.

"మీరడిగింది పట్టీలు సార్. మీకు కావాల్సింది కట్టలు" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. వాడి తప్పేం లేదు.

బద్ద ఒక్కటే అయితే పట్టీ. పొడవుది పైన, దాని కింద అంతకంటే పొట్టిది, దాని కింద ఇంకా పొట్టిది, అలా పేర్చి నడుమ ఒక బోల్టు దించితే కట్ట. చివరలు చుట్ట తిరిగి, బుష్ (రబ్బరు తొడుగు) పట్టేలా ఉండే పొడవాటిది మెయిన్ పట్టీ. గడ్డికట్ట, కట్టెల కట్ట అన్నట్టే ఇదీ. ఇంత తేటగా ఉన్న మాటని పట్టించుకోకుండా రెంటినీ కలిపేసింది నేనే.

మరి కమాను? ఫారసీలో కమాన్ అంటే విల్లు. హిందీ, ఉర్దూల్లో స్ప్రింగుని కమానీ అంటారు. మనకు ఫిడేలు వాయించేదీ కమానే, ఊరి మొదట్లో కట్టే స్వాగత తోరణమూ కమానే, చార్మినార్ దగ్గరున్నవి చార్ కమాన్. వంపు తిరిగినదల్లా కమానైంది. నేను బండి కింద దూరి ఉంటే మా మేనల్లుడు తొంగి చూసి, "మామా, కరీంనగర్ కమానూ ఇదీ ఒకటేనా?" అని అడిగాడు. వాడు వేళాకోళానికే అడిగాడు గానీ, మాట వరకు ఒకటే.

మీ ఊళ్లో మెకానిక్‌లు ఏమంటారో రాయండి.

విజయవాడ నుంచి ఒక జవాబు:
మా నాన్నగారు లారీ డ్రైవరండీ. ఆయన నోట పట్టీ అన్న మాట పెద్దగా వినలేదు. ఒక్క బద్ద విరిగినా "కమాన్ కట్ట విరిగింది" అనేవారు. పేపర్లలోనూ "కమాన్ కట్ట విరిగి లారీ బోల్తా" అనే రాస్తారు. విరిగిందన్నప్పుడు కట్ట, కొనేటప్పుడు మాత్రం లెక్క చూసుకోవాలన్నమాట.

ఇంకొకరు:
హైకమాన్ అనే మాటా ఇక్కడిదేనా? అలాగే కమానుకి వెనక వేలాడే షాకిల్ అనే ఇనప లింకు పేరు మన సంకెల నుంచే ఇంగ్లీషుకి వెళ్లిందని ఎక్కడో చదివాను.

పోస్టు పెట్టినాయన:
రెండూ కావు సార్. హైకమాన్‌లో ఉన్నది ఇంగ్లీషు కమాండ్, హిందీ నోట్లో నలిగి అలా అయింది. సంకెల మన శృంఖలకు వికృతి. షాకిల్ పాత ఇంగ్లీషు మాట. శబ్దం కలిసింది, అర్థమూ కలిసింది, చుట్టరికం మాత్రం లేదు. అయినా బండిలో షాకిల్ చేసేది కట్టేయడం కాదు, వదలడం. బరువు పడితే కమాన్ వంపు తగ్గి పొడవు పెరుగుతుంది కదా, ఆ పెరిగిన పొడవుకి చోటిచ్చేలా ఊగుతుంది.

నిజంగా చుట్టరికం ఉన్నది జాకీకి. గుర్రపు పందెం జాకీ, బండి లేపే జాక్, రెండూ జాక్ అనే మనిషి పేరు నుంచి పుట్టినవే. మనవాళ్లు రెంటినీ జాకీ అనేశారు. ఇక జాకీలు పెట్టి లేపడం రాజకీయాల్లో ఎంత వాడుకో చెప్పక్కర్లేదు.

చెన్నైలో ఉండే ఒక సభ్యురాలు:
తమిళంలో కమాన్లున్న ఎడ్లబండిని విల్‌వండి అంటారు, అంటే విల్లు బండి. మలయాళంలో విల్లువండి. 1893లో కేరళలో దళిత నాయకుడు అయ్యన్‌కాళి, దళితులను రానివ్వని దారుల్లో ఆ బండి మీదే వెళ్లారు. వాళ్లు సొంత మాట విల్లునే బండికి తగిలించారు, మనం అదే విల్లుని ఫారసీలో పిలుచుకుంటున్నాం. విల్లు మనకీ ఉంది కదా అన్నయ్యా!

పోస్టు పెట్టినాయన:
ఉందమ్మా, కానీ నేను రేపు షాపుకి వెళ్లి "రెండు విల్లులు" అంటే దసరా నాటకానికా అంటారు. నా ఓటు కమానుకే. ఇన్నేళ్లు మన గ్యారేజీల్లో గ్రీజు పూసుకున్న మాట అది.

పని ఎలా జరిగిందని ఒకరు విడిగా అడిగారు. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, వెనక లేపి, ఛాసిస్ కింద స్టాండ్లు వేశాను. ఒక్క జాకీని నమ్మి బండి కింద దూరకండి. ఇరుసు కింద ఇంకో జాకీ పెట్టి దాని బరువు పట్టించాను. కట్టని ఇరుసుకి పట్టి ఉంచే యూ బోల్టుల తుప్పుకి ముందురోజు రాత్రే డీజిల్ పోసి ఉంచినా, రెండు కోయక తప్పలేదు. పోతే పోనీ, పాత యూ బోల్టులు సాగి ఉంటాయి, ఎలాగూ కొత్తవే వెయ్యాలి. కట్టలు కూడా జతగా మార్చాలి, ఒక్క వైపే మారిస్తే బండి మళ్లీ ఒరుగుతుంది.

ఇక్కడే నాకు నచ్చిన మాట ఒకటి దొరికింది. పక్క వీధిలో ఒక పాత మెకానిక్ ఉన్నారు, చూసి పోదామని వచ్చారు. "కట్ట నడిమి బోల్టు తల ఇరుసు గుంటలో కూర్చుందా?" అని అడిగారు. కూర్చుందన్నాను. "అయితే యూ బోల్టులు బిగించెయ్. చివర బుష్‌ల బోల్టులు మాత్రం ఇప్పుడే బిగించకు, బండిని నేల మీద కూర్చోబెట్టాక బిగించు" అన్నారు. గాల్లో ఉండగా బిగిస్తే, దించాక బుష్ రబ్బరు మెలిపడిపోయి తొందరగా చిరుగుతుందట. మూడు కూర్చోవడాలు చూడండి: బండి కూర్చుంటే జబ్బు, బోల్టు కూర్చుంటే పని సగం అయినట్టు, బండిని కూర్చోబెడితే పని ముగిసినట్టు. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు ఇంకోసారి బిగించాలని కూడా చెప్పి వెళ్లారు.

విజయవాడ నుంచి అదే సభ్యుడు:
ముందు కొన్న ఆ రెండు పట్టీలు వెనక్కి తీసుకున్నారా?

పోస్టు పెట్టినాయన:
తీసుకోలేదండీ. కమ్మరి చూసి ముచ్చటపడ్డాడు, కమాన్ పట్టీ ఇనుముతో కత్తి చేస్తే పదును నిలుస్తుందట. ఒకటి కొడవలి అవుతోంది. రెండోది మా ఆవిడ కొబ్బరికాయల కత్తికని ముందే చెప్పి ఉంచింది.