తొలి కాన్పు, డేటు దాటింది: 41వ వారంలో నొప్పులు తెప్పించుకోవాలా, ఇంకా ఆగాలా?

ఓరుగల్లు ఆడపడుచు:

నాకిది తొలిచూలు. మూడో నెల నిండకముందు తీసిన స్కానింగును బట్టి డాక్టరుగారు ఇచ్చిన డేటు దాటిపోయింది కానీ నొప్పుల జాడ లేదు. బీపీ, షుగరు లేవు. ఉమ్మనీరు సరిపడా ఉందనీ, బిడ్డ గుండె చప్పుడు బాగుందనీ చెప్పారు. అయినా 41 వారాలు నిండేసరికి నొప్పులు రాకపోతే ఆసుపత్రిలో చేరి, జెల్ పెట్టించుకుని నొప్పులు తెప్పించుకోవడం మంచిదని డాక్టరుగారి సలహా. పండు పండితే అదే రాలుతుంది, తొందరపడవద్దని మా అమ్మ అంటోంది. సూది నొప్పులు పడీ పడీ చివరికి ఆపరేషను తప్పనివాళ్లను ఎందరినో చూశామనీ, దానికన్నా ముందే మంచి నక్షత్రం చూసి ఆపరేషను చేయించుకోవడం మేలనీ అత్తగారి వాదన. తల్లీబిడ్డా ఇద్దరూ బాగున్నప్పుడు, కేవలం రోజులు దాటాయన్న కారణంతో నొప్పులు తెప్పించుకోవడానికి ఒప్పుకోవచ్చునా? ధైర్యం చెప్పేవారు ఇంట్లోనే చాలామంది ఉన్నారు కనుక, ఇక్కడ కారణాలు చెప్పమని కోరుతున్నాను.

ఇద్దరు పిల్లల తల్లి:

ఒప్పుకోవద్దనే చెబుతాను. డాక్టర్లు ఇచ్చే డేటు 280 రోజుల లెక్క మీద వేసిన అంచనా మాత్రమే, అది గడువు కాదు. సరిగ్గా ఆ రోజునే కాన్పయ్యేవారు చాలా తక్కువ. తొలి కాన్పులో నాలుగు రోజులు అటూ ఇటూ కావడం మామూలు విషయం.

అంతకంటే ముఖ్యమైనది మనం ఎక్కడ కాన్పు చేయించుకుంటున్నామన్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషనుతో జరిగాయి. ప్రైవేటు ఆసుపత్రుల్లో అది 81.5 శాతం. దేశం మొత్తం మీద సగటు 21.5 శాతమే. ఇలాంటి చోట, ఏ ఇబ్బందీ లేని గర్భిణి తనంత తానుగా వెళ్లి మంచమెక్కి, చేతికి సెలైను, పొట్టకు మానిటరు తగిలించుకుంటే ఆ దారి ఎటు పోతుందో వేరే చెప్పనక్కరలేదు. నా మొదటి కాన్పులో సాయంత్రం జెల్ పెట్టారు, మర్నాడు మధ్యాహ్నానికల్లా ‘ప్రోగ్రెస్ లేదు’ అని కాగితాల మీద సంతకం చేయించుకున్నారు. బిడ్డకు అప్పుడు ఏ ఆపదా లేదు. రెండోసారి నొప్పులు వాటంతట అవి వచ్చేదాకా ఆగాను. మాకు దగ్గర్లోని పెద్ద ప్రభుత్వాసుపత్రిలో మామూలు కాన్పే అయింది.

లెక్కల మాస్టారు:

ఇద్దరు పిల్లల తల్లిగారి అనుభవాన్ని నేను తోసిపుచ్చను. కానీ నొప్పులు తెప్పిస్తే ఆపరేషన్లు పెరుగుతాయన్న నమ్మకం ఎక్కడ పుట్టిందో చూడాలి. పాత పరిశీలనలు చాలావరకు, నొప్పులు తెప్పించినవారిని అదే వారంలో సహజంగా నొప్పులు వచ్చినవారితో పోల్చాయి. గర్భిణి ముందున్న ఎంపిక అది కాదు. ఈ రోజు సహజంగా నొప్పులు రావాలని ఎవరూ నిర్ణయించుకోలేరు. ఆమె చేతిలో ఉన్నవి రెండే: ఇప్పుడు తెప్పించుకోవడం, లేదా ఆగి చూడటం. ఆగినవారిలో కొందరికి బీపీ పెరుగుతుంది, కొందరికి ఉమ్మనీరు తగ్గుతుంది, కొందరికి చివరికి నొప్పులు తెప్పించాల్సే వస్తుంది. పోలిక వీళ్లందరితో కలిపి చేయాలి.

అలా చేసినప్పుడు ఫలితం తిరగబడింది. అమెరికాలో 41 ఆసుపత్రుల్లో జరిగి 2018లో వెలువడిన ‘అరైవ్’ పరిశోధనలో ఆరు వేలకు పైగా తొలిచూలు స్త్రీలను చీటీ వేసినట్టు రెండు గుంపులుగా విడదీశారు. 39వ వారంలో నొప్పులు తెప్పించినవారిలో ఆపరేషన్లు 18.6 శాతం, ఆగి చూసినవారిలో 22.2 శాతం. గర్భిణుల బీపీ సమస్యలు కూడా మొదటి గుంపులోనే తక్కువ. డేటు దాటినవారి విషయానికి వస్తే, స్వీడన్‌లో ‘స్వెపిస్’ అనే పరిశోధనను మధ్యలోనే ఆపేశారు, ఎందుకంటే 42 వారాలదాకా ఆగిన గుంపులో ఆరుగురు శిశువులు చనిపోగా, 41 వారాలకే నొప్పులు తెప్పించిన గుంపులో ఒక్కరూ చనిపోలేదు. వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2020లో ఇలాంటి పరిశోధనలన్నీ కలిపి చూసింది. శిశు మరణాలు నొప్పులు తెప్పించిన వైపు 4, ఆగిన వైపు 25. అంటే సుమారు 544 మందికి నొప్పులు తెప్పిస్తే ఒక మరణం తప్పుతుందని వారి లెక్క. ఇది చిన్న సంఖ్యే. కానీ ఆ ఒక్కరు ఎవరవుతారో ముందుగా చెప్పే పరీక్ష మన దగ్గర లేదు.

ఇద్దరు పిల్లల తల్లి:

మాస్టారుగారూ, మీరు చెప్పని సగం కూడా ఉంది. అరైవ్‌లో చేరడానికి అర్హులైనవారిలో ఒప్పుకున్నది 27 శాతమే. పైగా వారికి కాన్పు చేసిన వైద్యులకు ఒక సూచన ఉంది: గర్భాశయ ముఖద్వారం మెత్తబడే మందు పూర్తయ్యాక, ఉమ్మనీటి సంచి చిట్లించి, నొప్పుల మందు ఎక్కించిన తరువాత కూడా, తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నంతవరకు కనీసం 12 గంటలైనా ఆగకుండా ‘ఇక రావు’ అని తేల్చవద్దని. ఆ ఓపిక చూపిన చోట 18.6 శాతం వచ్చింది. నాకు జెల్ పెట్టిన దగ్గర్నుంచి లెక్కపెట్టినా ఒక రోజైనా నిండలేదు, ఆ 12 గంటల ఓపిక నాకు దక్కలేదు. నొప్పులు తెప్పించే మందు అమెరికాలోదీ ఇక్కడిదీ ఒకటే కావచ్చు, ఆ తరువాత ఆగే తీరు ఒకటి కానప్పుడు అక్కడి ఫలితాన్ని ఇక్కడికి ఎలా తెస్తారు?

స్వీడన్ సంగతీ అంతే. అదే పరిశోధనలో, స్టాక్‌హోమ్‌లో మాత్రం 41వ వారంలో అందరికీ స్కానింగు తీశారు, అక్కడ ఆగినవారిలో ఒక్క మరణం కూడా లేదు.

లేబర్ రూము సిస్టరు:

ఇద్దరి మాటా విన్నాను. చాలా కాలంగా ప్రసూతి వార్డులో పనిచేస్తున్న మనిషిగా నాకు అనిపించేది ఏమిటంటే, ఓరుగల్లు ఆడపడుచుగారు అడగవలసిన ప్రశ్న ‘ఒప్పుకోవాలా’ అన్నదొక్కటే కాదు, ‘ఒప్పుకున్నాక ఇక్కడ ఎలా చేస్తారు’ అన్నది కూడా. నొప్పులు తెప్పించడం అనేది ఒక్క సూదితో అయిపోయే పని కాదు.

ముందు చేతితో పరీక్ష చేసి, గర్భాశయ ముఖద్వారం ఎంత తెరుచుకుంది, ఎంత పలుచబడింది, మెత్తగా ఉందా గట్టిగా ఉందా, వెనక్కి ఉందా ముందుకు వచ్చిందా, బిడ్డ తల ఎంత కిందికి దిగింది అని చూసి మార్కులు వేస్తారు. దాన్ని బిషప్ స్కోరు అంటారు. ఎనిమిది దాటితే నొప్పులు తేలికగానే అందుకుంటాయి. ఆరు, అంతకంటే తక్కువ ఉంటే నేరుగా నొప్పుల సెలైను ఎక్కించడం వల్ల తల్లికి బాధే ఎక్కువ, ప్రయోజనం తక్కువ, ముందు ముఖద్వారాన్ని మెత్తబరచాలి. దానికే జెల్ అయినా, కొద్ది మోతాదులో మిసోప్రోస్టాల్ మాత్ర అయినా, ఫోలీ గొట్టం లోపలికి పంపి దాని బెలూనులో నీరు నింపి ఉంచడమైనా. తొలిచూలులో, ముఖద్వారం మూసుకుని ఉన్నప్పుడు, ఈ మొదటి దశకే ఒక రోజు పట్టవచ్చు. ఆ సమయమంతా ‘ప్రోగ్రెస్ లేదు’ అనడం న్యాయం కాదు, ఎందుకంటే అసలు కాన్పు ఇంకా మొదలే కాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సూచనల ప్రకారం చురుకైన నొప్పుల దశ 5 సెంటీమీటర్ల దగ్గర మొదలవుతుంది, ఆ తరువాత కూడా గంటకు ఒక సెంటీమీటరు తెరుచుకోలేదన్న ఒక్క కారణంతో జోక్యం చేసుకోకూడదు.

అందువల్ల చేరే ముందే డాక్టరుగారిని మర్యాదగా, సూటిగా అడగండి: నా బిషప్ స్కోరు ఎంత, మొదట ఏ పద్ధతి వాడతారు, అది పట్టకపోతే రెండో పద్ధతి ప్రయత్నిస్తారా, బిడ్డ గుండె చప్పుడు బాగున్నంతవరకు ఎంతసేపు ఆగుతారు, ఆ రాత్రి వార్డులో ఎవరు ఉంటారు. వీటికి విసుక్కోకుండా జవాబు చెప్పే చోట నేనైతే 41 వారాలకు ఒప్పుకుంటాను. ‘అదంతా మేము చూసుకుంటాం’ అన్న జవాబు వస్తే ఇద్దరు పిల్లల తల్లిగారి భయం నిజమయ్యే అవకాశం ఉంది. అప్పుడు నొప్పులు తెప్పించడాన్ని మానుకోవడం కన్నా ఆసుపత్రి మార్చుకోవడం మంచిది.

ప్రమాదాలు లేవని నేను అనను. మందు ఎక్కువైతే నొప్పికీ నొప్పికీ మధ్య విరామం లేకుండా పోయి బిడ్డ గుండె చప్పుడు పడిపోతుంది, అందుకే సెలైను ఎక్కిస్తున్నంతసేపూ మానిటరు తప్పదు. నొప్పుల మందుతో వచ్చే నొప్పి సహజమైన నొప్పికన్నా పదునుగా ఉంటుందని తల్లులు చెబుతారు, అది నేను నమ్ముతాను. నొప్పి తెలియకుండా నడుముకు ఇచ్చే ఎపిడ్యూరల్ సూది సౌకర్యం ఉందో లేదో కూడా అప్పుడే అడిగి పెట్టుకోండి.

మీ అత్తగారి సలహా గురించి ఒక మాట. నక్షత్రం చూసి ఆపరేషను చేయించుకుంటే నొప్పులు తప్పుతాయి, నిజమే. కానీ దాని ఖరీదు రెండో కాన్పులో తెలుస్తుంది: పాత కుట్టు దగ్గర మాయ అతుక్కుపోవడం, మాయ కిందికి జారి ఉండటం వంటివి ప్రతి ఆపరేషనుతోనూ పెరుగుతాయి. ఇంకో సంగతి, నొప్పులు రావాలని ఇంట్లో ఆముదం పట్టిస్తారేమో. దానివల్ల విరేచనాలై, వాంతులై, ఒంట్లో నీరు తగ్గి వచ్చినవారిని చూశాను. ఆ పని చేయకండి.

లీసెస్టర్ నుంచి:

బ్రిటన్‌లో ఇదే చర్చ మరోలా జరిగింది. వైద్య మార్గదర్శకాలు రూపొందించే ఇక్కడి నైస్ సంస్థ 2021లో విడుదల చేసిన ముసాయిదాలో, నల్లజాతి, ఆసియా స్త్రీలకు 39 వారాలకే నొప్పులు తెప్పించే విషయాన్ని పరిశీలించవచ్చని రాసింది. మనలాంటివారిలో నెలలు నిండాక కడుపులోనే బిడ్డ చనిపోయే ముప్పు ఎక్కువగా కనిపిస్తోందన్నది దానికి ఆధారం. జాతిని బట్టి ఆ నిర్ణయం తీసుకోవడమేమిటని ఆక్షేపణలు వచ్చి, అదే ఏడాది నవంబరులో వచ్చిన తుది పాఠంలో ఆ వాక్యం తీసేశారు. చివరికి మిగిలింది ఇది: ఏ ఇబ్బందీ లేనివారికైనా 41 వారాలు నిండగానే నొప్పులు తెప్పించుకునే అవకాశం గురించి చెప్పాలి. వద్దన్నవారి మాట మన్నించాలి. నా భార్య ఒప్పుకుంది. ఆమెను ఒప్పించినది ఏ గణాంకమూ కాదు, వద్దంటే ఏమవుతుందో కూడా కాన్పులు చూసే మిడ్‌వైఫ్ కూర్చుని చెప్పడమే.

ఓరుగల్లు ఆడపడుచు:

అందరికీ కృతజ్ఞతలు. ఈ రోజు పరీక్ష చేశారు. ముఖద్వారం ఇంకా మూసుకునే ఉంది, బాగా వెనక్కి ఉంది, స్కోరు మూడు అన్నారు. సిస్టరుగారు చెప్పిన ప్రశ్నలు అడిగాను. ముందు ఫోలీ, తరువాత అవసరమైతే జెల్ అన్నారు, ఎంతసేపు ఆగుతారన్నదానికి మాత్రం ‘పరిస్థితిని బట్టి’ అన్నారు. ఇంత తక్కువ స్కోరుతో ఒప్పుకుంటే ఆపరేషనులో ముగిసే అవకాశం పెరగదా? వారానికి రెండుసార్లు పరీక్షలు చేయించుకుంటూ 42 వారాలదాకా ఆగితే ముఖద్వారం దానంతట అది మెత్తబడదా?

లెక్కల మాస్టారు:

మెత్తబడవచ్చు. కానీ కోటీ యాభై లక్షల గర్భాలను కలిపి చూసిన 2019 నాటి విశ్లేషణ ప్రకారం 40 నుంచి 41వ వారానికి వెళ్లినప్పుడే, ప్రతి 1,449 మందిలో ఒకరికి అదనంగా బిడ్డ దక్కలేదు, ఆ తరువాత ఈ ముప్పు ఇంకా వేగంగా పెరిగింది. తొలిచూలు అన్నది ఇక్కడ ముఖ్యం. స్వీడన్, నెదర్లాండ్స్ పరిశోధనల వివరాలను మనిషి మనిషికీ విడదీసి చూసినప్పుడు, 41 వారాలకే నొప్పులు తెప్పించడం వల్ల బిడ్డకు కలిగిన మేలు తొలి కాన్పువారిలోనే కనిపించింది. రెండో కాన్పు అయితే నేను ఇంత గట్టిగా చెప్పను.

ఇద్దరు పిల్లల తల్లి:

ఆ తేడా నేను కాదనలేను. అయినా ‘పరిస్థితిని బట్టి’ అన్న జవాబు నాకు నచ్చలేదు. నేనైతే ఇంకొక డాక్టరును అడిగేదాన్ని. హైదరాబాదులోనూ, కొన్ని ప్రభుత్వాసుపత్రుల్లోనూ ఇప్పుడు శిక్షణ పొందిన మిడ్‌వైఫులు ఉన్నారు. తెలంగాణ 2017లోనే ఆ శిక్షణ మొదలుపెట్టింది. అలాంటి చోట ఆగే ఓపిక ఎక్కువ. 41 నిండేలోపు ఆ ఏర్పాటు చేసుకోగలిగితే నొప్పులు తెప్పించుకోవడానికి నాకూ అభ్యంతరం లేదు.

లేబర్ రూము సిస్టరు:

స్కోరు తక్కువైతే ఆపరేషను అవకాశం ఎక్కువే, అది నిజం. కానీ తక్కువ స్కోరుతో ఆగినవారిలోనూ ఆ అవకాశం ఎక్కువే. ముఖద్వారం వారం తరువాత కూడా ఇలాగే ఉండవచ్చు. ఈలోగా మీ డాక్టరు ఒప్పుకుంటే స్వీపింగ్ చేయించుకోండి, చేతితో ముఖద్వారం దగ్గర పొరను కాస్త విడదీస్తారు. కొద్దిగా నొప్పి, కొంచెం రక్తం ఉంటాయి, కొందరికి దానితోనే నొప్పులు మొదలవుతాయి.

మీరు ఆగాలనే నిర్ణయించుకుంటే, వారానికి రెండుసార్లు ఉమ్మనీరు, ఎన్‌ఎస్‌టీ (బిడ్డ గుండె చప్పుడును కాసేపు మానిటరుతో చూసే పరీక్ష) చూపించుకోండి. అయితే అవి బాగున్నాయంటే ఆ పూటకు బాగున్నాయని మాత్రమే అర్థం, రాబోయే రోజులకు పూచీ కాదు. బిడ్డ కదలిక ఎప్పటికన్నా తగ్గిందనిపిస్తే తీపి నీళ్లు తాగి చూద్దామనో, తెల్లవారనీ అనో కూర్చోకండి, అర్ధరాత్రి అయినా సరే ఆసుపత్రికి వెళ్లండి. ఉమ్మనీరు పోయినా, ఆ నీరు ఆకుపచ్చగా కనిపించినా అంతే. ఇంటి నుంచి ఆసుపత్రి గంటకు మించిన దూరంలో ఉంటే ఇంట్లో ఆగడం మంచిది కాదు, దగ్గరలో ఉండే చుట్టాల ఇంటికి ఇప్పుడే మారండి. 42 వారాలు దాటినా ఆగవచ్చని చెప్పే డాక్టరు ఎవరైనా ఉంటే మాత్రం ఆ డాక్టరునే మార్చండి.