ఈ ఫెర్న్ ఆకుల ఇనుప బెంచీ నిజంగా 1858 నాటిదేనా?

తోటపిచ్చి:
మేం ఇంగ్లండ్‌లో టెల్ఫర్డ్‌లో ఉంటాం. ఇక్కడ ఓ పాత సామాన్ల షాపులో తోటలో వేసుకునే కాస్ట్ ఐరన్ బెంచీ చూశాం. వీపు ఆనే చోటంతా ఫెర్న్ ఆకులు, మధ్యమధ్య బ్లాక్‌బెర్రీ పళ్లు, కూర్చునే చోట చెక్క పలకలు. వెనకాల డైమండ్ ఆకారంలో ఓ ముద్ర ఉంది. దాన్ని చూపించి, ఇక్కడి పాత ఇనుప పోత కంపెనీ కోల్‌బ్రూక్‌డేల్ 1858లో పోసిందే అంటున్నాడు షాపాయన. రేటు మాత్రం మండిపోతోంది. నమ్మొచ్చా?

పోతపని:
డిజైన్ వాళ్లదేనండీ, 1858లోనే రిజిస్టర్ చేశారు. కానీ ఆ ముద్ర చెప్పేది డిజైన్ తేదీ, మీ బెంచీ పోసిన తేదీ కాదు. 1842 నుంచి 1883 దాకా బ్రిటన్‌లో రిజిస్టర్ చేసిన డిజైన్లకి ఈ ముద్ర ఉండేది, అందులో 1858కి గుర్తు 'బి' అక్షరం. అసలు చిక్కు నకళ్లతో. పాత బెంచీనే ఇసుకలో అదిమి అచ్చు తీస్తే ముద్ర కూడా దాంతోపాటే దిగిపోతుంది. అయితే ఇనుము చల్లారేటప్పుడు సుమారు 1 శాతం కుంచించుకుపోతుంది కాబట్టి నకలు కాస్త చిన్నదవుతుంది, ఈనెలు మొద్దుబారతాయి. పెయింటు పొరలు మందంగా ఉంటే అసలుది కూడా మొద్దుగానే కనబడుతుంది, అందుకే బెంచీ కింద వైపు, పెయింటు సరిగా పడని చోట తడిమి చూడండి. అయస్కాంతం అంటకపోతే అది అల్యూమినియం, ఇక బేరమే వద్దు.

ఆకుపచ్చ:
అప్పట్లో ఇంగ్లండ్‌లో ఫెర్న్‌ల పిచ్చి మామూలుగా లేదు, అడవుల్లోంచి తవ్వుకొచ్చి గాజు పెట్టెల్లో పెంచేవాళ్లు, ఆ మోజే ఇనుములోకీ వచ్చింది. ఆకుని ఉన్నదున్నట్టు పోతపోయడం దాని అందం. తర్వాత 1867లో అదే కంపెనీకి క్రిస్టఫర్ డ్రెసర్ అనే డిజైనర్ 'వాటర్ ప్లాంట్' బెంచీ గీశాడు. ఆయన వృక్షశాస్త్రం చదివినవాడు, అయినా మొక్కని నకలు చేయకుండా దాని పెరుగుదలలోని క్రమాన్ని పట్టుకుని పట్టీలుగా, గీతలుగా మలిచాడు. నాకైతే ఆయన పనే గొప్పది.

తోటపిచ్చి:
అయస్కాంతం అంటుకుంది, కింద ఈనెలు కూడా స్పష్టంగానే తగిలాయి. తీసుకుంటే పాత పెయింటు మొత్తం గీకించెయ్యాలా?

పోతపని:
తొందరపడకండి. పాత పొరల్లో సీసం ఉండొచ్చు, మాస్కు లేకుండా గీకొద్దు. ఇసుక బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక చిమ్మి పెయింటు తీయడం) గట్టిగా కొడితే ఆ ఈనెలే అరిగిపోతాయి. తుప్పు పట్టిన చోట మాత్రం వైర్ బ్రష్‌తో రుద్ది ప్రైమర్ వేస్తే చాలు. ఇంటికి తెచ్చేటప్పుడు ఇద్దరు ముగ్గురు కలిసి ఎత్తండి, పోత ఇనుము కిందపడితే వంగదు, పగులుతుంది, దాన్ని మామూలు వెల్డింగ్‌తో అతికించడం కష్టం.