నల్లా బిల్లులో సీవరేజ్ సెస్ దేనికి? డ్రైనేజీ మెయింటెనెన్స్‌కి డబ్బులు ఎక్కడివి?

అపార్ట్‌మెంట్_లెక్కలు:
అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో మాది 30 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్, ఈ ఏడాది అసోసియేషన్ లెక్కలు నేనే చూస్తున్నా. నల్లా బిల్లులో సీవరేజ్ సెస్ అని ఇంకో లైన్ ఉంటోంది. హౌస్ టాక్స్ కడుతున్నాం కదా మళ్లీ ఇదెందుకు, నీళ్లు ఫ్రీ అన్నారు కదా అని మీటింగ్‌లో ఒకాయన గట్టిగా అడిగారు, నాకు ఏం చెప్పాలో తెలియలేదు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

మంజీరా_నీళ్లు:
హౌస్ టాక్స్ కార్పొరేషన్‌కి పోతుందండీ, నల్లా బిల్లు వాటర్ బోర్డుకి. 1989 చట్టంతో బోర్డు విడిగా పెట్టారు. సెస్ అనేది నీటి చార్జీ మీద 35 శాతం, డ్రైనేజీ లైన్ల పేరు మీద తీసుకునేది అదే. ఫ్రీ అంటే 2021 జనవరి నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్లు, అపార్ట్‌మెంట్‌లో అయితే ఫ్లాట్ల లెక్కన. కానీ మీటర్ పనిచేయాలి, ఆధార్ లింక్ అయి ఉండాలి, మీ వాళ్లలో ఎంతమందికి లింక్ అయిందో ముందు అది చూడండి.

ఇంకోటి, నీళ్లు ఊరికే రావట్లేదు. కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ వెనక నుంచి, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి, రెండూ వంద కిలోమీటర్ల పైనే పంపులతో ఎత్తి తేవాలి, ఆ కరెంటు బిల్లే చాలా పెద్దది. మనం కట్టేదాంట్లో ముందు దానికి పోయాకే మిగతావి.

పాత_బస్తీ_ఇంజనీర్:
పైన చెప్పింది కరెక్టే, ఒకటి కలుపుతా. కొత్తవి కట్టడానికి డబ్బు వేరే దారిలో వస్తుంది, ఉన్నవాటిని చూసుకోవడానికే కష్టం. 31 ఎస్టీపీలకి (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంట్లు) 3,866 కోట్లు శాంక్షన్ చేశారు, అది ప్రభుత్వ డబ్బు, శిలాఫలకం పడుతుంది. మరి రోజూ మ్యాన్‌హోల్‌లో సిల్ట్ (పూడిక) తీయడం, లైన్లని నీటి ఒత్తిడితో శుభ్రం చేసే జెట్టింగ్ మెషిన్‌కి డీజిల్, పగిలిన మూత మార్చడం? ఇవన్నీ బిల్లుల డబ్బుతోనే నడవాలి. సెస్ నీటి చార్జీకి ముడిపెట్టడంతో వచ్చే చిక్కు కూడా ఉంది, బోరు నీళ్లూ ట్యాంకర్ నీళ్లూ వాడే బిల్డింగ్ నుంచి మురుగు మొత్తం లైన్‌లోకే వస్తుంది కానీ సెస్ పడేది నల్లా నీళ్లకే. ఇది సరిచేయాలి అనేది నా గట్టి అభిప్రాయం, ఫ్రీ ఇస్తే ఇవ్వండి, ఆ మేరకు ప్రభుత్వం బోర్డుకి టైముకి కట్టాలి.

గుంటూరు_అబ్బాయి:
మా ఆంధ్ర మున్సిపాలిటీల్లో లెక్క వేరండీ, ఇంటి పన్నులోనే డ్రైనేజీ పన్ను కూడా కలిపి ఉంటుంది, కుళాయి చార్జీ మళ్లీ విడిగా కట్టాలి. పంచాయతీల్లో అయితే 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలని కట్టడి పెట్టారు.

అపార్ట్‌మెంట్_లెక్కలు:
చాలా థ్యాంక్స్ అందరికీ. మా పక్క గల్లీలో వాన పడితే చాలు మ్యాన్‌హోల్ పొంగుతోంది, దానికి కూడా డబ్బు లేకపోవడమేనా కారణం?

పాత_బస్తీ_ఇంజనీర్:
వానకే పొంగుతోందంటే ముందు టెర్రస్ పైపులు ఎటు పోతున్నాయో చూడండి. చాలా బిల్డింగుల్లో వాన నీళ్ల పైపు తెచ్చి డ్రైనేజీ చాంబర్‌లో కలిపేస్తారు, ఆ లైన్ మురుగుకి వేసింది, వరదకి కాదు. మీది అలా ఉంటే విడదీసి ఇంకుడు గుంతకి మళ్లించండి. అప్పటికీ పొంగితే వాటర్ బోర్డు నంబర్ 155313 కి ఫోన్ చేసి కంప్లైంట్ నంబర్ తీసుకోండి, మనుషుల్ని మాత్రం లోపలికి దింపనివ్వకండి, రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగు లైన్‌లోకి దింపి శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం, మెషిన్ పంపమనే అడగండి.